కాటాకీ మెషీన్‌కీ మధ్య తీగ ఏది?

(వ్రాసినది: తొమ్మిదో తరగతి విద్యార్థిని)

ఈ నెల గోడపత్రికకి సైన్సు వ్యాసం నన్ను వ్రాయమన్నారు. నాకు బాగా తెల్సింది ఒక్కటే ఉంది, అది కూడా ఈ వేసవి సెలవుల్లోనే తెల్సింది. అందుకని అదే వ్రాస్తున్నాను. చార్టు రెండు షీట్లు పట్టింది, ఓపిగ్గా చదవగలరు. పైన ఎత్తులో ఉంది కాబట్టి ఆరో తరగతి చెల్లెళ్ళు స్టూలు వేసుకోండి.

మాది బుట్టాయగూడెం వైపు కొండ కింద గూడెం. రేషను దుకాణం మూడు కిలోమీటర్లు ఉంటుంది. మే నెలలో నేనూ మా నాయనమ్మా బియ్యానికి వెళ్ళాము. మా కార్డులో నలుగురం, మనిషికి 5 కేజీల లెక్కన 20 కేజీలు రావాలి. నాయనమ్మ మెషీన్ మీద వేలు పెట్టింది. పడలేదు. జీవితమంతా పనిచేసిన వేళ్ళు కదా, గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడితే పడింది. దుకాణం ఆయన సంచి కాటా మీద పెట్టి బియ్యం పోశాడు. కాటా మీద ఎర్ర అంకెలు 20.00 అని చూపించాయి. కానీ ఆయన చేతిలో మెషీన్‌లో తూకం ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. సంచి దించి మళ్ళీ పెట్టాడు. మెషీన్‌ని ఆపి మళ్ళీ వేశాడు. ఊహూఁ, ఖాళీనే.

"సర్వర్ లేదమ్మా, రేపు రండి" అన్నాడు. సంచిలో బియ్యం మళ్ళీ రాశిలో పోసేశాడు. మా వెనకాల వాళ్ళు కూడా ఖాళీ సంచులతోనే తిరుగుముఖం పట్టారు. ఆ సాయంత్రం పక్కింట్లో రెండు మానికలు బదులు తెచ్చుకుని వండుకున్నాము.

దారంతా నాయనమ్మ నన్ను ఒకటే అడిగింది. "అంకె కనపడతానే ఉంది కదే. అది చూసి రాసుకోడానికి ఏమొచ్చింది ఆయనకి?" మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. పుస్తకంలో ఏముందో అడిగితే చెప్పగలను గానీ ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది. సర్వర్ లేకపోతే వేలు ఎలా పడింది అని అప్పుడు అడగలేకపోయాను. ఇప్పుడైతే అడుగుతాను, ఎందుకో వ్రాస్తాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాము. అప్పటికి మెషీన్లు బాగుచేసే అన్నయ్య ఒకాయన వచ్చి ఉన్నాడు. ఆయన కాటా జోలికి పోలేదు, కొత్త మెషీన్ జోలికీ పోలేదు. బల్ల సొరుగు లాగి అందులో ఉన్న పాత మెషీన్‌ని బయటికి తీసి స్విచ్ ఆపేశాడు. అంతే. వెంటనే కొత్త మెషీన్‌లో 20.00 పడింది! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నవ్వి, "కాటా పాతదాంతో మాట్లాడుతుంది పాపా, ఒకేసారి ఇద్దరితో మాట్లాడదు" అన్నాడు. "తీగేదన్నా?" అంటే "బ్లూటూత్‌లో సీరియల్ పోర్టు" అన్నాడు. ఆ మాట అరచేతి మీద పెన్నుతో వ్రాసుకున్నాను. స్కూలు తెరిచాక ల్యాబ్‌లో సైన్సు సారుని ఆ మాటే అడిగాను.

ముందు నాయనమ్మ ప్రశ్నకి జవాబు. అంకెని చూసి చేత్తో కొట్టనివ్వరు, ఎందుకంటే చేత్తో కొట్టేటప్పుడు 18 తూచి 20 కొట్టవచ్చు. మన రాష్ట్రంలో రేషను దుకాణాల్లోకి వేలిముద్ర మెషీన్లు 2015 నుంచి వచ్చాయి. కాటాని కూడా మెషీన్‌కి కలపడాన్ని ప్రోత్సహిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో నిబంధన మార్చింది. కలిపితే తూకం ఎంతో కాటాయే మెషీన్‌కి చెప్తుంది, మధ్యలో మనిషి వేలు ఉండదు. కొన్నిచోట్ల తీగతో కలుపుతారు, కొన్నిచోట్ల తీగ లేకుండా. మా దుకాణంలో తీగ లేదు. అయితే నాకు ఆశ్చర్యం కలిగించిందేమిటంటే, తీగ లేకపోయినా ఉన్నట్టే ఆ రెండూ అనుకుంటాయట!

తీగ కథ ముందు చెప్పాలి. 1960లో అమెరికాలో ఆర్‌ఎస్‌-232 అని ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. టైపు మిషను లాంటి యంత్రాన్ని టెలిఫోను తీగకి కలిపే పెట్టెతో మాట్లాడించడానికి. తర్వాత కంప్యూటర్లు వచ్చాక వాటి వెనక తొమ్మిది పిన్నుల రంధ్రం ఒకటి ఉండేది, దాన్నే సీరియల్ పోర్టు అనేవారు. మన కంప్యూటర్ రూములో మూలన పడేసిన పాత పెట్టెకి ఉంది చూడండి. సీరియల్ అంటే వరుసగా అని. మన భోజనాల లైను లాగ అన్నమాట, ఒకరి వెనక ఒకరు, పక్కపక్కన కాదు. అక్షరమైనా అంకెయినా సున్నాలూ ఒకట్లుగా మారి ఒకే తీగలో ఒకదాని వెనక ఒకటి పోతాయి. వెళ్ళడానికి ఒక తీగ, రావడానికి ఒకటి, రెండిటికీ ఉమ్మడిగా గ్రౌండ్ ఒకటి, ఈ మూడుంటే మాట నడుస్తుంది. మిగతా పిన్నులు "నేను సిద్ధం", "కాస్త ఆగు" అని సైగ చేసుకోడానికి.

ఉదాహరణకి ఇంగ్లీషు పెద్ద బడి మొదటి అక్షరం ఏ ఉంది. దాని సంఖ్య 65. సున్నా ఒకట్లలో వ్రాస్తే 01000001. దీన్ని చివరి నుంచి మొదలుపెట్టి పంపుతారు. ముందు "వస్తున్నాను" అని ఒక సున్నా, తర్వాత 1 0 0 0 0 0 1 0, ఆఖర్న "అయిపోయింది" అని ఒక 1. మొత్తం పది. సెకనుకి 9600 చొప్పున పంపితే సెకనుకి 960 అక్షరాలు వెళ్ళినట్టు. ఇది ఇప్పటి లెక్కలో చాలా నెమ్మదే, కానీ కాటా చెప్పే ముక్క ఎంత, నాలుగైదు అంకెలూ ఒక కేజీ గుర్తూ. దానికి ఇది ఎక్కువే.

మా ల్యాబ్‌లో ఆర్డునో బోర్డు ఉంది. సారు దానికి హెచ్‌సీ-05 అనే బుల్లి బ్లూటూత్ ముక్క కలిపి చూపించారు, అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. తీగలు నన్నే పెట్టమన్నారు. బోర్డు మీద టీఎక్స్ అని ఉంది, ముక్క మీద కూడా టీఎక్స్ అని ఉంది, పేరు కలిసింది కదా అని రెండూ కలిపేశాను. ఏమీ రాలేదు. పావుగంట వెతికాము. టీఎక్స్ అంటే నోరు, ఆర్‌ఎక్స్ అంటే చెవి. నేను నోటికి నోరు కలిపాను! ఒకరి నోరు ఇంకొకరి చెవికి పెట్టాలి, కాబట్టి తీగలు అడ్డంగా మారాలి. ఇది ఎవరూ మర్చిపోకండి.

మార్చి పెట్టి, సారు ఫోన్‌లో టెర్మినల్ యాప్ తెరిచి, బోర్డు నుంచి "అమ్మ" అని పంపాము. వచ్చింది. ఎన్ని ముక్కలుగా వచ్చిందో లెక్కపెట్టమన్నారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, మన తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. అమ్మలో అ, మ, పొల్లు గుర్తు, మళ్ళీ మ, మొత్తం నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. ఆ దారికి తెలుగని తెలీదు, ఇంగ్లీషని తెలీదు. ఇటు వేసిన బైట్లు అదే వరుసలో అటు తేలాలి, అంతే దాని పని.

ఇక గాలిలో సంగతి. బ్లూటూత్‌ని 1994లో స్వీడన్ దేశంలో ఎరిక్సన్ కంపెనీ వాళ్ళు మొదలుపెట్టారు. వాళ్ళ ఉద్దేశమే తీగలు తీసెయ్యాలని. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎమ్, ఇంటెల్, తోషిబా, ఈ అయిదూ కూటమి కట్టాయి. బ్లూటూత్ అంటే నీలి పన్ను, వెయ్యేళ్ళ కిందటి డెన్మార్క్ రాజు హెరాల్డ్‌కి ఉన్న మారుపేరు. విడివిడిగా ఉన్నవాళ్ళని కలిపాడని ఆయన పేరు పెట్టారట. (పన్ను ఎందుకు నీలంగా ఉండేదో నన్నడక్కండి.)

బ్లూటూత్ వాడే రేడియో అలలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. వైఫై కూడా అక్కడే ఉంటుంది, మైక్రోవేవ్ పొయ్యి కూడా. అంత గోలలో వినపడడం ఎలాగ? దీనికి మన తొక్కుడుబిళ్ళ గుర్తు తెచ్చుకోండి. నేల మీద 79 గళ్ళు గీశారనుకోండి. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని ఏ గడి తర్వాత ఏ గడిలోకి దూకాలో ముందే ఒప్పందం చేసుకుని సెకనుకి 1600 సార్లు దూకుతున్నారనుకోండి. ఒక గడిలో ఎవరో అడ్డంగా నిలబడి ఉన్నా ఆ ఒక్క గెంతే పోతుంది, ఆ ముక్క మళ్ళీ పంపుకుంటారు. 2003లో వచ్చిన మార్పుతో అడ్డున్న గళ్ళని గుర్తుపెట్టుకుని వాటిని వదిలేసి దూకడం కూడా నేర్చుకున్నాయి. దూరం మాత్రం తక్కువ, చిన్న పరికరాలకి పది మీటర్లు అంటారు. మధ్యలో మనం నిలబడితే ఇంకా తగ్గుతుంది. మన ఒంట్లో నీళ్ళే ఎక్కువ, నీళ్ళు ఈ అలల్ని మింగేస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. కాటా లోపలి ప్రోగ్రాము, మెషీన్ లోపలి ప్రోగ్రాము రెండూ తీగ కాలంలో వ్రాసిన పద్ధతిలోవే. "పోర్టు తెరువు, అంకెలు పంపు, పోర్టు ముయ్యి" అని మాత్రమే వాటికి తెల్సు. గెంతులు, గళ్ళు వాటికి తెలీవు. వాటన్నిటినీ మళ్ళీ వ్రాయడం ఎవరి తరం? అందుకని తీగ లాగా నటించే ఒక పొరని మధ్యలో పెట్టారు. దాని పేరు ఆర్‌ఎఫ్‌కామ్. దాన్ని ఎలా వాడాలో చెప్పే ఒప్పందం పేరు సీరియల్ పోర్ట్ ప్రొఫైల్, పొట్టిగా ఎస్‌పీపీ.

పోయిన ఏడు మనం అంతర్వేది వెళ్ళాము కదా, ఆటోల్లో. నర్సాపురంలో రేవు దగ్గర రోడ్డు అయిపోయింది. ఆటోలు పంటు ఎక్కాయి, పంటు వశిష్ఠ గోదావరి దాటింది, సఖినేటిపల్లిలో ఆటోలు దిగి మళ్ళీ రోడ్డెక్కాయి. మా ఆటోలో అయిదో తరగతి చెల్లి ఒకతి మొగల్తూరు దాటగానే నిద్రపోయింది. అంతర్వేదిలో లేపితే "గోదారి ఎప్పుడొస్తుందక్కా?" అంది. తన వరకూ మొగల్తూరు నుంచి అంతర్వేది దాకా ఒకటే రోడ్డు. కాటా లోపలి ప్రోగ్రాము ఆ చెల్లి లాంటిది. ఇటు తీగ ముక్క ఉంది, అటు తీగ ముక్క ఉంది, మధ్యలో పంటు ఎక్కిన సంగతి దానికి తెలీదు. తెలియకుండా దాటించడమే ఆర్‌ఎఫ్‌కామ్ పని.

పంటులో ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. మొదట రెండు పరికరాలూ జత కట్టాలి, ఫోన్‌లో పెయిర్ అంటాము. ప్రతి బ్లూటూత్ పరికరానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. జత కట్టేటప్పుడు ఒకదాని చిరునామా ఇంకోటి గుర్తు పెట్టుకుంటుంది, ఇద్దరికే తెలిసే రహస్య సంఖ్య ఒకటి తయారుచేసుకుంటాయి. మా ల్యాబ్ ముక్కకి తాళం 1234. ఇలాంటి చాలా వాటికి 0000 గానీ 1234 గానీ ఉంటుందట. నా ట్రంకు పెట్టెకి అలాంటి తాళం వేస్తే వేరుశనగ ఉండలు ఒక్కరోజు కూడా మిగలవు. 2007 తర్వాత వచ్చిన బ్లూటూత్‌లో ఇంతకంటె గట్టి పద్ధతి ఉంది.

తర్వాత మెషీన్ అడుగుతుంది, "నీ దగ్గర సీరియల్ పోర్టు ఉందా?" అని. దానికి 1101 అనే గుర్తు సంఖ్య ప్రపంచమంతా ఒకటే. కాటా "ఉంది, ఫలానా నంబరు గదికి రా" అంటుంది. గదులు 1 నుంచి 30 వరకు ఉండవచ్చు. మెషీన్ ఆ గది తలుపు తడుతుంది, తెరుచుకుంటుంది, అంతే, తీగ పెట్టినట్టే. "నేను సిద్ధం", "కాస్త ఆగు" అనే సైగ పిన్నులు చెప్పాను కదా, వాటి బదులు ఆర్‌ఎఫ్‌కామ్ చిన్న చిన్న చీటీలు పంపుతుంది. తొమ్మిది పిన్నులకీ తొమ్మిది నటనలు! ఈ చీటీల పద్ధతి కొత్తగా కనిపెట్టలేదు, సెల్‌ఫోన్ల కోసం యూరప్‌లో వ్రాసిన 07.10 అనే నియమం నుంచి తెచ్చుకున్నారు.

ముంచెత్తకుండా చూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. అవతలివాడు "నాకు ఏడు ముక్కలు పంపు" అని ఏడు టోకెన్లు ఇస్తాడు. ఇవతలివాడు ఏడూ పంపాక ఆగిపోవాలి. మళ్ళీ టోకెన్లు వస్తేనే పంపాలి. వంటగదిలో ఆయమ్మ ఖాళీ పళ్ళేలు లెక్కపెట్టి అన్ని ఇడ్లీలే బయటికి పంపినట్టు. దీనివల్ల ఒక్క ముక్క కూడా కింద పడదు. ఇంకొకటి, సెకనుకి 9600 అన్న వేగం గాలిలో ఉండదు. ముందు సున్నా, వెనక ఒకటి కూడా గాలిలోకి వెళ్ళవు. అవి రెండు ఒడ్డులలో ఉన్న నిజం తీగ ముక్కలకే. గాలిలో బైట్లు మూటలు కట్టుకుని వేరే వేగంతో పోతాయి, అవతల ఒడ్డున మూట విప్పి మళ్ళీ వరుసలో నిలబెడతారు.

సొరుగులో పాత మెషీన్ సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. నియమం ప్రకారం రెండు పరికరాల మధ్య అరవై వరకు ఇలాంటి తీగలు నటించవచ్చు. కానీ కాటాల్లో పెట్టే చవక ముక్కలు ఒక్కరినే లోపలికి రానిస్తాయి. పాత మెషీన్‌కి కాటా చిరునామా తెల్సు, ఎవరో ఛార్జింగ్ పెట్టి ఆన్ చేసి సొరుగులో పెట్టేశారు, అది అలవాటుగా వెళ్ళి గదిలో కూర్చుని తలుపేసుకుంది. కొత్తది బయట నిలబడి తలుపు కొడుతోంది. నిజం తీగ అయితే ఇలా జరగదు, ఎవరికి గుచ్చారో కళ్ళకి కనపడుతుంది. కనపడని తీగతో ఉన్న చిక్కు ఇదే.

మన ఊళ్ళలో ఏది ఆగినా "సర్వర్" అనేస్తారు. నిజానికి ఆ బల్ల దగ్గర రెండు వేరు వేరు దారులున్నాయి. వేలిముద్ర మెషీన్ నుంచి సెల్‌ టవర్ మీదుగా ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి వెళ్ళి వస్తుంది. మా కొండల్లో టవర్ అందక అది ఆగడం నిజంగానే ఎక్కువ. తూకం మాత్రం సర్వర్ దాకా వెళ్ళి రానక్కర్లేదు. కాటా నుంచి మెషీన్‌కి మూరెడు దూరం, అంతే. వేలు పడి తూకం పడకపోతే అది సర్వర్ కాదు, కాటా కలవలేదన్నమాట. అప్పుడు రేపు రమ్మనడం కాదు, కాటా ఆపి వెయ్యాలి, పక్కన ఇంకో మెషీన్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడాలి, రెండిటినీ దగ్గర పెట్టాలి, అప్పటికీ కాకపోతే పాత జత చెరిపేసి మళ్ళీ జత కట్టాలి. ఈ మాటలు ఒక కాగితం మీద వ్రాసి మా తమ్ముడికి ఇచ్చి వచ్చాను. నాయనమ్మకి చదువు రాదు, అందుకని "వేలు పడితే సర్వర్ ఉన్నట్టే" అన్న ఒక్క ముక్క నోటికి నేర్పాను.

ఒకటి మాత్రం చెప్పాలి. ఈ లేని తీగ కాటా చెప్పినదాన్ని చెప్పినట్టు చేరవేస్తుంది గానీ కాటా నిజం చెప్తోందా లేదా అని చూడదు. కాటాయే తప్పు తూస్తే ఆ తప్పే చక్కగా మెషీన్‌లో పడి రసీదు మీద అచ్చవుతుంది. దానికి తూనికలు కొలతల శాఖ వాళ్ళు పరీక్ష చేసి వేసే ముద్ర వేరే ఉంది, కాటాకి ఉందో లేదో ఎవరైనా అడిగి చూడవచ్చు.

ఈ తీగని చూడాలంటే మీరు రేషను దుకాణం దాకా వెళ్ళనక్కర్లేదు. మన హాస్టలుకి నెలనెలా కరెంటు బిల్లు కొట్టే ఆయన వస్తారు. ఫోన్‌లో రీడింగ్ కొడతారు, నడుముకి ఉన్న చిన్న ప్రింటరు లోంచి బిల్లు కాగితం వస్తుంది. ఫోన్‌కీ ప్రింటరుకీ మధ్య ఏ తీగా లేదు. పోయిన నెల నేను అడిగితే ఆయన ఫోన్ సెట్టింగుల్లో జత చేసిన పేరు చూపించారు. అలాంటి ప్రింటర్లు ఎక్కువగా ఈ సీరియల్ పద్ధతిలోనే పనిచేస్తాయి. (అందులో సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే కాగితం. ఎండలో పెడితే బిల్లు మాసిపోతుంది, మేడమ్ గారు జెరాక్సు తీయించి ఉంచితే మంచిది.) చేతి గడియారాల్లాంటి కొత్త పరికరాల్లో 2010లో వచ్చిన లో ఎనర్జీ అనే వేరే రకం బ్లూటూత్ ఉంటుంది, అందులో ఈ సీరియల్ ఒప్పందం లేదు. కాబట్టి ఎల్లకాలం ఇదే ఉంటుందని నేను చెప్పలేను.

మా నాయనమ్మ సంగతి వ్రాసి ఆపేస్తాను. రెండో రోజు మెషీన్ 20.00 చూపించి రసీదు ఇచ్చాక కూడా ఆమె ఇంటికి వచ్చి చాప పరిచి బియ్యం అంతా మానికతో కొలిచింది. బదులు తెచ్చిన రెండు మానికలు విడిగా తీసి పక్కింటికి పంపింది. తర్వాత రసీదు మడిచి, డబ్బాలో పాత రసీదుల పక్కన పెట్టింది.

హెచ్‌సీ-05 ముక్కని ముట్టుకుని చూడాలనుకునేవాళ్ళు శనివారం ల్యాబ్ పీరియడ్‌లో నన్నడగండి. జత కట్టకముందు దాని ఎర్ర దీపం గబగబా కొట్టుకుంటుంది, కట్టాక రెండుసార్లు కొట్టుకుని ఆగుతుంది, మళ్ళీ రెండుసార్లు. టీఎక్స్‌ని ఆర్‌ఎక్స్‌కి పెట్టాలి, మర్చిపోకండి.